ఒలకని గ్లాసు

"కరుణే మా కార్యాలయానికి పునాది!"

నీటి సరఫరా ఆఫీసు గుమ్మం మీద ఈ మాట ఇత్తడి అక్షరాల్లో ధగధగలాడుతూ ఉంటుంది. పునాదిని తీసుకెళ్లి గుమ్మం మీద పెట్టిన కట్టడం లోకంలో ఇదొక్కటే కాబోలు!

ఆ గుమ్మం దాటగానే ఎడమచేతి గదిలో నక్షాలమ్మ కూర్చుంటుంది. ఊరి కింద ఏ గొట్టం ఎటు పోతుందో నక్షా గీసేది ఆవిడే గనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఇంకా నలభై నిండలేదు. ఆ మధ్య ఆమె రాత రోజురోజుకీ చిన్నదైపోయి చీమల బారులా తయారైంది. తర్వాత కుడిచెయ్యి మొరాయించింది. "పార్కిన్సన్స్ అమ్మా. ముసలివాళ్లకే వస్తుందనుకుంటారు గానీ నీ వయసులోనూ వస్తుంది" అన్నాడు డాక్టరు. ఆమె ఏడవాల్సినంత ఏడ్చింది. ఆ తర్వాత కంప్యూటర్ మౌసు ఎడమచేతికి మార్చుకుని మళ్లీ గొట్టాల పనిలో పడింది.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. పొద్దున వేసుకున్న మాత్ర ఒంటికి పట్టేదాకా కాళ్లు కదలవు. తొమ్మిదింటికల్లా ఆఫీసుకు రావడమంటే గగనమే! ఆలస్యమైనప్పుడల్లా సగం రోజు సెలవు కోసేస్తున్నారు. సెలవులు అడుగంటాయి. అవీ అయిపోతే ఉద్యోగం గోవిందా! అందుకని మేనేజరు గదికి వెళ్లింది.

"పదిన్నరకు వస్తాను సార్. సాయంత్రం ఆ మేరకు ఎక్కువ కూర్చుంటాను."

మేనేజరు ఆమెను ఎగాదిగా చూశాడు. "నిక్షేపంలా ఉన్నావు గదమ్మా!"

"ఇప్పుడు మాత్ర పనిచేస్తోంది సార్."

"అలా ఎవరైనా చెప్తారు. కరుణకైనా ఒక పద్ధతుండాలి."

పద్ధతి ప్రకారం కరుణా సంఘం వేశారు. ఆ సంఘం పదకొండింటికి తీరిగ్గా కూర్చుని, నక్షాలమ్మ చేతికి నిండు గ్లాసు నీళ్లిచ్చి, ఊపిరి బిగబట్టి చూసింది. మాత్ర అప్పటికి మంచి ఊపు మీదుంది. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు! "నీళ్లు ఒలకలేదు. కనుక కరుణ అనవసరం" అని తేల్చి, ఆ నీళ్లు తామే తాగేసి సంఘం సభ్యులు లేచిపోయారు.

ఇంతలో హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. ప్రతి ఆఫీసులోనూ కరుణా దినం జరపాలి, డైరెక్టరుగారు స్వయంగా వస్తారు, జబ్బుతో పనిచేస్తున్న ఒకరిని వేదిక మీద చూపించాలి! మేనేజరు పరుగు పరుగున ఎడమచేతి గదికి వచ్చాడు.

"అమ్మా, నువ్వే మా ఆఫీసు పరువు నిలబెట్టాలి. రేపొక్కరోజు ఆ మాత్ర మానేయ్. కాస్త వణికితే నిండుగా ఉంటుంది."

"మాత్ర మానేస్తే మెట్లెక్కలేను సార్. మోసుకెళ్లాలి."

"మోస్తాం! ఫోటో ఇంకా బాగా వస్తుంది!"

నక్షాలమ్మ మర్నాడు బుద్ధిగా మాత్ర వేసుకునే వచ్చింది. వేదిక మీద నిశ్చలంగా కూర్చుంది.

మేనేజరు సంగతి ఆఫీసంతా ఎరిగిందే. కిందివాళ్ల దగ్గర పులి, పైవాళ్ల దగ్గర పిల్లి. డైరెక్టరుగారికి మంచినీళ్లు అందించబోతే చేతులు గడగడ వణికి, గ్లాసులో సగం ఆయన బూట్ల మీద పడింది.

డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయి. "అయ్యో! ఆ జబ్బు మనిషివి నువ్వేనా!" అని మేనేజరును కావలించుకున్నారు. మైకు లాక్కున్నారు. "ఈయన ఇక పదిన్నరకు రావచ్చు! మెత్తటి కుర్చీ వెయ్యండి! నెలనెలా నేనే వచ్చి చూస్తాను. ఇంత వణుకుతూ ఇంత సేవ! నా తర్వాత నా కుర్చీ ఇలాంటివాడికే!"

కాదని చెప్పడానికి తెరిచిన మేనేజరు నోరు, ఆ చివరి మాటకు టక్కున మూతపడింది.

నెల తిరగబోతోంది. డైరెక్టరుగారు మళ్లీ వస్తారు. ఆ కుర్చీ తనదేనన్న ధీమాతో ఆయనంటే భయం కాస్తా పోయింది. మేనేజరు చేతులేమో ఇంట్లో అద్దం ముందు ఎంత ప్రయత్నించినా కొయ్యల్లా ఉండిపోతున్నాయి. సిగ్గు విడిచి నక్షాలమ్మ దగ్గర గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా... ఆ వణకడం ఎలాగో కాస్త చూపిస్తావా?"

"రేపు పొద్దున్నే మా ఇంటికి రండి సార్" అంది నక్షాలమ్మ.

వచ్చాడు. నక్షాలమ్మ మంచం అంచున బిగుసుకుపోయి కూర్చుని ఉంది. అత్తగారు చొక్కా గుండీలు పెడుతోంది. మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా నేల మీద రంగు టేపుతో అడ్డగీతలు అంటించి ఉన్నాయి.

"ఇదేంటమ్మా?"

"గీత కనిపిస్తే దాటాలని కాలు లేస్తుంది సార్. లేకపోతే లేవదు. ఊరి నక్షాతో పాటు ఇంటి నక్షా కూడా నేనే గీసుకున్నాను."

మేనేజరు కాసేపు గీతల్ని చూశాడు. నిట్టూర్చాడు. "పాపం! అదంతా సరేగానీ... మరి వణుకు?"

"నాకు వణుకు తక్కువ సార్. బిగుసుకుపోవడమే ఎక్కువ."

"వణుకు లేదా! మరి నా గతేం కాను?"

అత్తగారికి ఒళ్లు మండింది. "మా కోడలు కాలు లేవక అల్లాడుతుంటే, నీకు వణుకు కావాలా నాయనా!"

మెల్లగా మాత్ర ఒంటికి పట్టింది. నక్షాలమ్మ లేచింది. గీతలు దాటుకుంటూ వెళ్లి బల్ల మీది కాగితం తెచ్చి సంతకం కోసం అతని ముందు పెట్టింది. 'వణుకు లేకపోయినా ఈమెకు జబ్బు ఉందని స్వయంగా చూశాను. పదిన్నరకు రావచ్చు.'

"దీని నకలు డైరెక్టరుగారికీ వెళ్తుంది సార్."

"అమ్మో! జబ్బు మనిషి ఈవిడైతే నువ్వెవడివని ఆయన అడిగితే?"

"అడిగితే అడుగుతారు. మీరు సంతకం పెట్టకపోతే మాత్రం మీకే జబ్బూ లేదని నేనే చెప్తాను."

మేనేజరు మొహాన నెత్తురు చుక్క లేదు. కలం పట్టుకున్నాడు. సంతకం వంకర్లు తిరుగుతూ కాగితం చివరిదాకా పాకింది. మంచినీళ్లు అడిగాడు. అత్తగారు నిండు గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. నీళ్లు గడ్డం మీద, చొక్కా మీద, నేల మీది గీతల మీద పడ్డాయి.

నక్షాలమ్మ కాగితం మడిచి దాచుకుంటూ ఖాళీ గ్లాసు వైపు చూసింది.

"నీళ్లు ఒలికాయి సార్. కనుక మీకు కరుణ అవసరమే!"