ఇసుక సంచీ

ఆ ఉదయం టైలరమ్మ పెట్టుకున్న పని చిన్నది. సంచీ భుజాన వేసుకుని మూడో అంతస్తు నుంచి గేటు దాకా దిగడం, మళ్ళీ ఎక్కడం. ఊపిరి అందినంతసేపు అలా చేసి, స్నానం ముగించి, కుట్టుమిషను ముందు కూర్చోవడం.

సంచీ ఆమె సొంతంగా కుట్టినది. మందపాటి కాన్వాసు గుడ్డ, అడుగున మూడు పొరలు, అంచు చుట్టూ ఎర్ర పైపింగు పట్టీ. లోపల ఇసుక. పని చేతనైనవాళ్ళకు వికారంగా కుట్టడం రాదు కాబట్టి, చూసేవాళ్ళకు అది బజారుకు తీసుకెళ్ళే ముచ్చటైన సంచీలాగే కనిపించేది. తరువాత జరిగిన గొడవంతటికీ మూలం ఆ పనితనమే.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఇసుక ఎందుకు మోస్తోందో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు బాత్రూము సంగతి చెప్పాలి. కిందటేడు ఆమె భర్త అక్కడ కాలుజారి పడ్డాడు. ఆయన లావు మనిషేమీ కాదు. అయినా ఆమె లేపలేకపోయింది. చంకల కింద చేతులు వేసి లాగింది, పట్టు జారిపోయింది. కింది నుంచి మనుషులు వచ్చేదాకా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని తడి గచ్చు మీద కూర్చుంది. ఆయన పోయింది తరువాత, ఆసుపత్రిలో, వేరే జబ్బుతో. మీరు లేపగలిగినా ఫలితం ఇంతేనని డాక్టర్లు చెప్పారు. ఆమె విన్నది. తన చేతుల మీద కోపం మాత్రం పోలేదు.

ఆ కోపం పోనుపోను అందరి మీదికీ పాకింది. బస్సులో లేచి సీటిచ్చేవాళ్ళ మీద, "ఈ వయసులో మీకెందుకండీ శ్రమ" అంటూ చేతిలోని దారాల డబ్బా లాక్కునేవాళ్ళ మీద. అన్నిటికన్నా ఎక్కువగా, ఆ ఇల్లు ఖాళీ చేసి తన ఇంటి కింది గదిలోకి వచ్చేయమని నెలల తరబడి నస పెడుతున్న తమ్ముడి మీద. ఆ ఇంట్లో ఆమె మిషను ఉంది, ఆయన కుర్చీ ఉంది. రెండూ కిటికీ పక్కనే ఉన్నాయి. వాటిని కదిపే ఉద్దేశం ఆమెకు లేదు.

కింది వాటాలోని రిటైరైన గుమాస్తాకు పొద్దున్నే వరండాలో కూర్చుని పేపరుతో పాటు మనుషుల్ని కూడా చదివే అలవాటు.

"కూరలకా అమ్మా?" అన్నాడు ఆమె దిగగానే.

"ఆఁ."

ఆమె గేటును ముట్టుకుని వెనక్కి వచ్చింది.

"అదేంటమ్మా, ఏమన్నా మర్చిపోయారా?"

"ఆఁ."

కాసేపటికి మళ్ళీ దిగింది. మళ్ళీ గేటు ముట్టుకుంది.

"మళ్ళీ కూరలకేనా?"

టైలరమ్మ ఆగింది. "కాదండీ. గేటు ఇంకా ఇక్కడే ఉందో లేదో చూసిపోదామని."

గుమాస్తా నవ్వలేదు. పేపరు మడిచి, లోపలికి వెళ్ళి, ఆమె తమ్ముడికి ఫోను చేశాడు. "మీ అక్కగారికి మతి తప్పుతోంది బాబూ. సంచీతో దిగుతున్నారు, బజారు మర్చిపోయి ఎక్కుతున్నారు. గేటు కోసం వెతుక్కుంటున్నారు."

తమ్ముడు బ్యాంకు మేనేజరు. ఎదుటి మనిషి సంగతి నాలుగు ప్రశ్నల్లో తేల్చేయగలనని అతని నమ్మకం. వెంటనే అక్కకు ఫోను కలిపాడు.

"అక్కా, ఇవాళ ఏం వారం?"

"మీ బ్యాంకులో క్యాలెండరు లేదట్రా?"

"అది కాదక్కా, నువ్వు చెప్పు. బావ పోయి ఎన్నాళ్ళయింది?"

అవతల కొంతసేపు చప్పుడు లేదు. ఆ మౌనాన్ని తమ్ముడు తప్పు జవాబు కింద జమకట్టాడు.

"పోనీ, నేనెవరో తెలుస్తోందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"తెలియట్లేదు. నాకో తమ్ముడుండేవాడు, వాడికి కాస్త బుద్ధి ఉండేది. నువ్వెవరో మరి!" ఫోను పెట్టేసింది.

తమ్ముడు భార్య వైపు తిరిగాడు. అతని కళ్ళల్లో నీళ్ళు. "అయిపోయిందే. నన్ను కూడా మర్చిపోయింది."

ఈలోగా గుమాస్తా ఎవరికీ చెప్పొద్దంటూ వీధిలో అందరికీ చెప్పాడు. మర్నాడు మిషను తొక్కుతూ ఉండగా ఎదురు వరసావిడ గుమ్మంలో నిలబడింది.

"మా అమ్మాయి గౌను గుడ్డ ఇచ్చేయండి. కుట్టకపోయినా పర్లేదు."

"ఎల్లుండి ఇస్తానన్నాగా?"

"అదేనండీ... ఎల్లుండికి మీకు గుర్తుంటుందో లేదో. మెడ దగ్గర చేతులు పెట్టేశారంటే పిల్ల ఏం తొడుక్కుంటుంది?"

టైలరమ్మ గుడ్డను ఆవిడ మీదికి విసిరినంత పని చేసింది. "అన్నీ మర్చిపోయానమ్మా. కత్తెర ఎక్కడ పెట్టానో ఒక్కటే గుర్తుంది. చూపించమంటారా?"

ఆవిడ చెప్పులు వదిలేసి దిగింది. మధ్యాహ్నానికల్లా టైలరమ్మ కత్తెర పట్టుకుని జనాన్ని తరుముతోందని వీధి చివరి దాకా తెలిసిపోయింది. సాయంత్రం లోపల మరో నలుగురు వచ్చి గుడ్డలు పట్టుకుపోయారు. వాళ్ళెవరూ గడప లోపలికి అడుగు పెట్టలేదు. చేతులు మాత్రం చాపారు.

ఆదివారం పొద్దున ఆమె సంచీతో మెట్లెక్కుతోంది. వెనక తమ్ముడూ మరదలూ వచ్చారు. గేటు బయట సామాన్ల వ్యాను ఆగి ఉంది. రెండు అంతస్తులెక్కేసరికి తమ్ముడు రొప్పుతున్నాడు. గుమాస్తా కూడా మంచి మనసుతో వెంట వచ్చాడు.

"అక్కా, కింది గదికి సున్నం వేయించాను. ఈ ఇంటికి అద్దెకొచ్చేవాళ్ళకు మాటిచ్చేశాను. ఇవాళే వెళ్ళిపోదాం."

"నా ఇంటికి నువ్వెవడివిరా మాటివ్వడానికి?"

"వదినా, కోప్పడకండి," అంది మరదలు, కత్తెర ఎక్కడైనా ఉందేమోనని ఆమె చేతుల వంక చూస్తూ. "మీరు ఒంటరిగా ఉంటే మాకు నిద్ర పట్టట్లేదు."

"నాకు బాగానే పడుతోంది. మీరు మందేదైనా వేసుకోండి."

"ముందా సంచీ ఇటివ్వక్కా," అన్నాడు తమ్ముడు. "నడుం పట్టేస్తుంది."

"దాని జోలికి రాకు."

"కూరల సంచీ కూడా నన్ను మొయ్యనివ్వవా?"

"ఒరేయ్, అది నీవల్ల కాదు. వదులు!"

ఆ మాటతో తమ్ముడికి రోషం వచ్చింది. సంచీ పిడి పట్టుకుని, నాలుగు వంకాయలనుకుని ఒక్క చేత్తో గుంజాడు. సంచీ కదలలేదు. నడుం కదిలింది. "అమ్మోయ్" అని వంగినవాడు వంగినట్టే మెట్ల మలుపులో చతికిలబడ్డాడు.

మరదలు చెయ్యి పట్టి లాగింది, గుమాస్తా రెండో చెయ్యి పట్టాడు. తమ్ముడు పెట్టిన కేకకు ఇద్దరూ వదిలేశారు. పైకి లేదు, కిందికి లేదు.

టైలరమ్మ సంచీ దించింది. కొన్ని క్షణాలు గచ్చు మీది తమ్ముణ్ణి చూస్తూ నిలబడింది. తరువాత వెనక్కి వెళ్ళి, మోకాళ్ళు వంచి, అతని చంకల కింద చేతులు పోనిచ్చి, ఛాతీ మీద వేళ్ళు ముడేసి, ఊపిరి బిగబట్టి లేచింది. ఆమెతో పాటు తమ్ముడూ లేచాడు. పట్టు జారలేదు. మెట్టు మెట్టుకూ అతని బరువు తన మీద వేసుకుని, మిగిలిన మెట్లన్నీ ఎక్కించి, మంచం మీద పడుకోబెట్టింది. తమ్ముడు దారంతా తిట్టాడు.

"ఇలా ఎత్తడం ఎప్పుడు నేర్చుకున్నావక్కా?" అన్నాడు తమ్ముడు, నొప్పి కాస్త సర్దుకున్నాక.

"ఆలస్యంగా," అంది.

తమ్ముడు కిటికీ పక్కనున్న బావ కుర్చీ వైపు చూశాడు. కొంతసేపయ్యాక భార్యను పిలిచి, అద్దెకొచ్చేవాళ్ళకు ఇల్లు లేదని చెప్పమన్నాడు.

డాక్టరమ్మ వచ్చి నడుం నొక్కి చూసింది. కొన్ని వారాలు మంచం దిగకూడదంది, మెట్ల మాట అసలే ఎత్తొద్దంది. మరదలు వ్యానులో తన ఇంటికి వెళ్ళి భర్త బట్టలు, దిండు, మందులు తెచ్చి మూడో అంతస్తుకు చేర్చింది.

"మీ వయసుకి ఒంట్లో బలం బొత్తిగా లేదండీ," అంది డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ తమ్ముడితో. "నొప్పి తగ్గాక రోజూ మెట్లెక్కాలి, మెల్లమెల్లగా బరువులెత్తాలి. దగ్గరుండి చేయించేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నేనున్నాను," అంది టైలరమ్మ.

తనకు కూడా యాభై దాటాయని తమ్ముడు మొదటిసారి ఒప్పుకున్నాడు.