కరిచిన టవరు

ఆదివారం పొద్దున కాఫీ తాగి, గుడివాడలో ఉన్న స్నేహితుడు కాంతారావుతో రేడియోలో మాట్లాడాలని గోవర్ధనరావు నిశ్చయించుకున్నాడు. ఆయన బందరులో సైన్సు మాస్టారు. అది 1938. సర్కారు లైసెన్సు కొత్తగా చేతికొచ్చింది. మాట్లాడడమంటే నోటితో కాదు, మీట నొక్కుతూ టకటకల తంతిభాషలో.

పొడుగు తరంగాలకు పొడుగాటి ఏరియల్ కావాలి. పెరట్లో బావి పక్కన పాత గాలిమర టవరుంది. రెక్కలు తుఫానుకు ఎగిరిపోయాయి గాని ఇనుము గట్టిది. టవరునే ఏరియల్ చేద్దామని దాని కాలికి రాగితీగ చుట్టి, గదిలోకి లాగి, లోపల గడియ వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. టవరు జోలికి ఎవరూ వెళ్ళొద్దని భార్య సత్యవాణికి ముందే చెప్పాడు. ఆవిడ తన తల్లికి చెప్పడం మరిచిపోయింది.

ఆ తల్లి రామలక్ష్మమ్మ చుట్టపుచూపుగా వచ్చి, ఆ మధ్యాహ్నమే ఘంటసాల వెళ్ళిపోవలసిన మనిషి. టవరు నుంచి కొబ్బరిచెట్టుకు కట్టిన తీగే ఆవిడ మడిబట్టల దండెం. తడిచీరను వెదురు మడికర్రతో తీగమీద వేసి, అంచు సర్దబోయింది.

"అమ్మో! కరిచింది!"

"తేలా?" అంటూ సత్యవాణి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"తేలు కాదే, తీగ! ఆగి ఆగి కరుస్తోంది!"

పక్కింటి చలపతిరావు గోడ దూకి వచ్చాడు. "ఇనుము కరవడమేమిటండీ పిన్నిగారూ!" అని టవరును రెండు చేతులా పట్టుకుని, కెవ్వుమని బంతిమొక్కల్లో కూలబడ్డాడు.

లోపల గోవర్ధనరావుకు ఇదేమీ వినపడలేదు. గుడివాడ నుంచి జవాబొచ్చిన ఆనందంలో ఉన్నాడు. "అందుతున్నావు గాని, మధ్యలో నీరసిస్తున్నావు" అంటున్నాడు కాంతారావు. మనిషి టవరును పట్టుకున్నందువల్లే అలా జరిగిందని తెలియక, మాస్టారు మీటను ఇంకా గట్టిగా నొక్కసాగాడు.

చలపతిరావు లేచి, కిటికీలోంచి తొంగిచూసి కొయ్యబారిపోయాడు. "మాస్టారు కళ్ళు మూసుకుని బిగుసుకుపోయారు! కుడిచెయ్యొక్కటే కొట్టుకుంటోంది! కరెంటు పట్టేసిందండీ!"

సత్యవాణి తలుపు దబదబా బాదింది. తలుపు తెరుచుకోలేదు.

"చేత్తో ముట్టుకోకండి, మీరూ పోతారు! ఎండుకర్రతో కొట్టి విడిపించాలి!" అంటూ చలపతిరావు భుజంతో తలుపు గడియ ఊడగొట్టాడు.

ఎండుకర్ర రామలక్ష్మమ్మ చేతిలోనే ఉంది. "నా బిడ్డ పసుపు కుంకుమలు నిలుపు తండ్రీ!" అని దూసుకెళ్ళి అల్లుడి మణికట్టు మీద ఒక్కటేసింది. ఎముక పటుక్కుమంది. ఆయన కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. దెబ్బకు మీట కిందికి అతుక్కుపోయి, రేడియో పొడుగ్గా ఒక కూత పెట్టి, పొగలు కక్కి ఆగిపోయింది.

"నాకేం కాలేదు మొర్రో! మాట్లాడుకుంటున్నాను!"

"ఎవరితోనండీ?" అంది సత్యవాణి.

"గుడివాడతో!"

"అయ్యో, మతి కూడా పోయింది" అని ఆవిడ భోరుమంది.

మధ్యాహ్నం రైల్లో కాంతారావు రొప్పుతూ దిగాడు. ఆ చివరి కూత, తరువాతి నిశ్శబ్దం విని స్నేహితుడు మాడిపోయాడనుకున్నాడట. చేతిలో పూలదండ కూడా ఉంది. గుమ్మంలోనే చలపతిరావు ఎదురై, అత్తగారు కర్రతో అల్లుణ్ణి బతికించిన వైనమంతా చెప్పాడు.

చేతికి బద్దలు కట్టించుకుని పడుకున్న గోవర్ధనరావు ఆశగా లేచాడు. "నువ్వైనా చెప్పరా, నేను క్షేమంగానే ఉన్నానని!"

కాంతారావు కన్నీళ్ళు తుడుచుకుని, ఆ దండ రామలక్ష్మమ్మ పాదాల ముందు పెట్టి మొక్కాడు. "మీరు లేకపోతే మావాడు మాకు దక్కేవాడా పిన్నిగారూ!"

ఆవిడ ప్రయాణం మానుకుంది. చెయ్యి అతికేదాకా అల్లుడికి తనే అన్నం కలిపి, ఆయన ఏదో చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా ఓ ముద్ద పెట్టింది.