సఫ్రా పిడికి పసుపు

ఆ శుక్రవారం పొద్దున అంజన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి. పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టి దసరా అయిందనిపించాలి. తన అరబ్బు యజమాని ఇచ్చిన చెక్కపెట్టె మూతకు కొత్త బందులు బిగించి సాయంత్రానికి అప్పగించాలి. ఇంత చిన్న పథకంలో మునిగిపోవడానికి చోటెక్కడిదని మీరు అడగవచ్చు. మునిగే రాత ఉన్నవాడికి మోకాలి లోతు చాలు.

అంజన్నది మెట్‌పల్లి పక్క పల్లె. సౌదీలో ఉనైజా బయట ఒక ఖర్జూరపు తోటలో పంపులు, కరెంటు చూసుకుంటాడు. అతని కఫీలు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అబూ సాలెం చెడ్డవాడు కాదు. అదే అసలు తంటా. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరట పొందవచ్చు. సెలవు అడిగితే ఈయన కాదనడు, "ఇన్షా అల్లా" అంటాడు. ఒకసారి కోతలని ఆగింది, ఇంకోసారి ఆయన పెంచిన ఒంటె చచ్చిపోయిందని ఆగింది. ఈలోగా అంజన్న వచ్చాక పుట్టిన కూతురు స్వర్ణకు మాటలొచ్చాయి. "మీ నాయిన ఏడే?" అని ఎవరైనా అడిగితే ఛార్జింగులో పెట్టిన ఫోను చూపిస్తుందట. ఈ సంగతి భార్య సరళ నవ్వుతూ చెప్పింది. అంజన్న కూడా నవ్వి, ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చాడు.

అయితే నిన్న కఫీలే స్వయంగా మాటిచ్చాడు. "రేపు అల్ ఖోబర్ నుంచి నా దోస్తు వస్తున్నాడు. అతనికి సఫ్రాను చూపించి పంపాక నీ వీసా నొక్కేస్తాను." తోటపని వాళ్లు ఇంటికి వెళ్లిరావడానికీ వీసా ఉండాలి, దానికి కఫీలు తన ఫోనులో, తన వేలితో నొక్కాలి మరి.

సఫ్రా అంటే రివాల్వరు. అబూ సాలెం దగ్గర అలాంటివి నాలుగున్నాయి, అన్నిటికీ లైసెన్సు ఉంది. దేశం కాని దేశంలో ఎవరో పనివాడు చేత్తో ఆకురాయి పట్టి, ఈయన అరచేతి కొలతకు చేసి పంపినవి. ప్రతి గుండూ పేల్చే ముందు, వెనకవైపున్న సుత్తిని బొటనవేలితో లాగాలి. లాగకపోతే ఎంత నొక్కినా పేలదు. అసలాయన పేల్చడు కూడా. సాయంత్రం చాపమీద కూర్చుని చెవి దగ్గర పెట్టుకుని సుత్తి లాగుతాడు. టిక్, టిక్, టిక్, టిక్. కళ్లు మూసుకుంటాడు. "తొందరగాళ్లకు ఇది పనికిరాదు అంజన్. బొటనవేలు కదలందే ఇది కదలదు" అంటాడు. నా వీసా కూడా అంతేగదా అని అంజన్న మనసులో అనుకునేవాడు.

ఆ నాలుగింటి పిడులూ ఆయన పెంచిన ఒంటెల ఎముకలతో చేయించినవే. సఫ్రా అసలు పోయిన చలికాలంలో చచ్చిపోయిన ఒంటె పేరు, అరబ్బీలో పసుపుపచ్చది అని. ఎండిన జొన్నచొప్ప రంగులో ఉండేది. అది పోయిన రోజు ఆయన కన్నబిడ్డ పోయినట్టు ఏడ్చాడు. తర్వాత దాని ఎముక పంపించి పిడి చేయిస్తే, పాలలా తెల్లగా మెరిసిపోతూ వచ్చింది.

ఇన్నేళ్లూ అంజన్న గది తలుపు మూసుకుని పానాకు, పట్టకారుకు ఆయుధమని పేరుపెట్టి మొక్కాడు. ఈసారి బందుల కోసం వచ్చిన పెట్టెలో సఫ్రా ఉంది, అసలు ఆయుధమే గదిలో ఉంది. దానికి పెట్టకుండా పానాకు పెడితే అమ్మవారు ఏమనుకుంటుంది? తన చేనులో పండిన పసుపునే తడిపి పిడికి నిండుగా పూశాడు, కుంకుమ బొట్టు పెట్టాడు. "తల్లీ, ఈసారన్న నన్ను ఇంటికి తోలు" అని మొక్కుకున్నాడు. అంతలో పంపు ఆగిపోయిందని పిలుపొచ్చింది. బాగుచేసి వచ్చేసరికి పసుపు ఎండి పెచ్చుకట్టింది. తుడిస్తే పెచ్చు పోయింది, రంగు పోలేదు.

కంగారులో అంజన్న మరిచిపోయింది ఒకటే, పసుపులో సున్నం పడితే పారాణి అవుతుందని. బట్టల సబ్బు పడినా అంతే. కుళాయి కింద సబ్బుపెట్టి రుద్దాడో లేదో, సఫ్రా పిడి పెళ్లికూతురి పాదమైంది. చేతులూ నురగా ఎర్రగా అయ్యాయి. సరిగ్గా అప్పుడే బండి తాళాల కోసం డ్రైవరు మస్తాన్ వలీ వచ్చాడు.

"యా అల్లా! ఎవుర్ని సంపినావురా?"

"ఎవ్వల్ని సంపలే వలీ భాయ్! పసుపిది!"

"పసుపు ఎర్రగుంటాదా? నేనేమన్నా ఎర్రోని మాదిరి కనపడతాండానా? పెద్దాయన ఈ పొద్దు గహ్వా కాఫీ తాగేకి గూడా బయటికి రాల్యా!"

మస్తాన్ వలీది ప్రొద్దుటూరు. బుర్ర కంటే కాళ్లు ముందు పనిచేసే మనిషి. వంటింటికి పరుగెత్తి వంటమనిషి మేరాజ్ బేగం చెవిలో వేశాడు. ఆ హైదరాబాదు ఆవిడ గొంతు ఉనైజా అంతా మోగింది. "హాయ్ అల్లా! ఖూన్ హోగయా! అంజన్న బాబాను చంపేసిండు!"

చచ్చిపోయిన బాబా అబూ సాలెం కళ్లు నలుపుకుంటూ బయటికొచ్చాడు. "ఎవరు చచ్చారు?"

మేరాజ్ బేగం మస్తాన్ వలీని ముందుకు తోసింది. అతను నోటికొచ్చింది అన్నాడు. "పాము, బాబా! అంజన్న గదికాడ పాముని సంపినాడు."

"కళేబరం ఏది?"

"కాలవలో కొట్టకపోయింది."

"అయితే దాని జంట వస్తుంది" అన్నాడు అబూ సాలెం గంభీరంగా. లోపలికెళ్లి రెండో రివాల్వరు తెచ్చాడు. అందులో గుండ్లు నింపి, కుర్చీ తెప్పించుకుని, అంజన్న గది గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు. లోపల అంజన్న, పాడైన సఫ్రా. బయట టిక్, టిక్, టిక్, టిక్.

పామును వెతికే నెపంతో మస్తాన్ వలీ లోపలికొచ్చాడు. అసలు సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "ఇప్పుడు నీ దసరా సంగతి చెప్తే ఒక తంటా, చెప్పకుంటే ఇంగో తంటా." నిమ్మకాయ రుద్దారు. ఎరుపు విరిగి మళ్లీ పసుపొచ్చింది. ఉప్పు రుద్దారు, పళ్లపొడి రుద్దారు. మచ్చ కదల్లేదు.

"మచ్చ పోదబ్బీ" అన్నాడు మస్తాన్ వలీ. "పోనప్పుడు ఏం సేయాల? మిగతాదంతా మచ్చ సేయాల."

వేరే దారి లేదు. మరలు విప్పి పిడి చెక్కలు రెండూ ఊడదీశారు. అంజన్న స్టవ్వు మీద గిన్నెడు టీ డికాక్షన్ కాచి, గుప్పెడు పసుపు వేసి, అందులో సఫ్రాను మరగబెట్టారు. ఆ వాసన గుమ్మం దాటింది.

"లోపల చాయ్ పెడుతున్నారా? నాకూ ఒక గ్లాసు" అన్నాడు కఫీలు.

కాదంటే లోపలికొస్తాడు. మస్తాన్ వలీ బిస్మిల్లా అనుకుని, చక్కెర దండిగా వేసి, గ్లాసు నింపి తీసుకెళ్లాడు. తన ప్రియమైన ఒంటెను ఆయన చప్పరించి చప్పరించి తాగాడు. "బాగుంది. ఏం మసాలా?"

"అంజన్న ఇంటి పసుపు, బాబా."

"ఇంకో గ్లాసు."

పాము జంట రాలేదు. రంగెక్కిన చెక్కలను ఆరబెట్టి, మళ్లీ బిగించి, సఫ్రాను పెట్టెలో పెట్టి అప్పగించారు. సాయంత్రం అల్ ఖోబర్ దోస్తు మాత్రం వచ్చాడు. దీపం కింద పెట్టె తెరుచుకుంది. కొత్త బందులు చప్పుడు చేయలేదు. అబూ సాలెం సఫ్రాను చేతిలోకి తీసుకున్నాడు, పిడిని దీపానికి దగ్గరగా పట్టాడు. ఆయన మొహంలో కళ పోయింది. ఇక వీసా కాదు జైలే అనుకున్నాడు అంజన్న. ఫోను చూపించే స్వర్ణ వేలు కళ్లముందు మెదిలింది. గోడకు ఆనుకున్నాడు.

అబూ సాలెం కళ్లనుంచి నీళ్లు కారాయి. "ఇది సఫ్రా" అన్నాడు. "ఇన్నాళ్లూ ఎవరిదో తెల్ల ఎముక పట్టుకున్నట్టుండేది. ఇదీ దాని ఒంటి రంగు. ఇదిగో, మెడ దగ్గర ఇలాగే ఉండేది." పిడిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏదో తెలిసిన వాసన కూడా..." మస్తాన్ వలీ ఆకాశంకేసి చూశాడు.

"ఎవరు చేశారు?" అన్నాడు దోస్తు. "నావీ రెండున్నాయి."

"మా అంజన్!" కఫీలు లేచి అంజన్నను గుండెలకు హత్తుకున్నాడు. అక్కడే ఫోను తీశాడు. తెరమీద తన ఫొటో అంజన్నకు కనిపించింది. బొటనవేలు లేచింది, దిగబోయింది, గాలిలో ఆగింది.

"ఇంకా మూడున్నాయి కదా అంజన్. నువ్వెళ్లిపోతే వాటికి రంగెవరు వేస్తారు?"

అంజన్న మస్తాన్ వలీ వైపు చూశాడు. మిత్రుణ్ని ఆదుకోవడానికి మస్తాన్ వలీ ముందుకొచ్చాడు. "బజారు పసుపుతో ఈ రంగు రాదు బాబా. వాళ్ల సేన్లో పసుపే కావల్ల, అదీ అయిపాయ. ఈన్ని పంపిస్తే తెస్తాడు."

అబూ సాలెం ఆలోచించాడు. "వాడెందుకు? పసుపొస్తే చాలుగా. తెప్పించు." ఫోను జేబులో పెట్టుకుని ప్రేమగా భుజం తట్టాడు. "అన్నీ అయ్యాక వెళ్దువు. ఇన్షా అల్లా."

అంజన్న పంపు దగ్గరికి పోయి ఇంటికి ఫోను చేశాడు. సరళ అడిగింది. "నొక్కిండా? ఎప్పుడొస్తున్నవ్?"

వెనక స్వర్ణ "నాయినా" అని ఫోనును పిలుస్తోంది. అంజన్న ఏడుపు మింగాడు. "మనూరోళ్లు ఎవలన్న ఇటు వస్తే పసుపు పంపు."

"ఎంత పంపాలె?"

"మల్ల దసరా దాంక సరిపోయేటంత."