పిల్లికి షుగరు, అథ్మానీకి పథ్యం

ఆ శనివారం పొద్దున అథ్మానీ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య షుఫా పిల్లికి సూది వేస్తుంటే కదలకుండా పట్టుకోవాలి. ఆ తర్వాత వీధి అరుగు మీద కూర్చుని, చేదు కాఫీతో నాలుగు హల్వా ముక్కలు తినాలి. మొంబాసా పాతబస్తీలో, ఓడరేవు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషికి అంతకన్నా పెద్ద కోరికలుండవు.

పిల్లి పేరు కిబోకో. అంటే నీటి ఏనుగు. ఆ పేరు ఎందుకు పెట్టారని ఎవరూ అడగలేదు, చూస్తే చాలు. దానికి షుగరు వచ్చిందని పశువుల డాక్టరు చెప్పాడు. పొద్దున, సాయంత్రం ముందు తిండి పెట్టి తర్వాత ఇన్సులిన్ వేయమన్నాడు. తిండి చేప, మాంసం మాత్రమే. అన్నం, రొట్టె ముట్టించొద్దన్నాడు. సూది సంగతి షుఫా చక్కగానే చూసుకుంది. పథ్యమే బల్ల కింద చెడిపోయేది. కొబ్బరిపాల కూరలో ముంచిన చపాతీ ముక్క కిబోకోకి జారవిడవకపోతే అథ్మానీకి ముద్ద దిగదు. షుగరు తగ్గలేదని డాక్టరు మందు పెంచాడు. ఎందుకు తగ్గలేదో అథ్మానీ చెప్పలేదు.

ఈ వైద్యం గడప దాటకూడదని కూడా అతనే షరతు పెట్టాడు. కారణం ఉంది. ఆ మధ్య సందు చివర లాడ్జి నడిపే దొర తన పిల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, అరుగు మీద అందరికన్నా గట్టిగా నవ్వింది అథ్మానీయే. "రేపు దానికి కళ్ళజోడు కూడా పెట్టిస్తాడు" అన్నాడు. ఆ మాట వీధి ఇంకా మరిచిపోలేదు.

అయితే పక్కింటి సలామా ఐసు ముక్కల కోసం వచ్చి, ఫ్రిజ్జులో పాల పక్కన ఇన్సులిన్ సీసా చూసింది. పెళ్ళి విందుల్లోంచి షుఫా పొద్దుగుంకగానే ఎందుకు ఇంటికెళ్ళిపోతోందో ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఎవరికని అడగలేదు, అడగడం మర్యాద కాదు కదా. పదిమందికి చెప్పడం మాత్రం బాధ్యత అనుకుంది.

ఆ శనివారం కాఫీ పోసే ఫుమో, అథ్మానీ చెయ్యి చాచగానే హల్వా పళ్ళెం అవతలికి జరిపేశాడు.

"ఇదేంట్రా?"

"అంతా దేవుడి దయ మామా. రోగం దాచుకుంటే పెరుగుద్ది. మేం పరాయోళ్ళమా?"

రోగం తనకు కాదంటే ఎవరికని అడుగుతారు. అథ్మానీ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని చేదు కాఫీ తాగాడు.

సాయంత్రానికి సలామా ఇంటినుంచి పళ్ళెం వచ్చింది. అందులో ఉడకబెట్టిన చేప. కొబ్బరిపాలు లేవు, ఉప్పు లేదు, అన్నం లేదు. మర్నాడు ఎదురింటి నుంచి ఇంకోటి వచ్చింది. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిప్పి పంపడం ఆ వీధిలో లేదు. ప్రతి పళ్ళేనికీ ఏదో ఒకటి వండి పెట్టలేక షుఫాకి నడుం పడిపోయింది.

"నిజమైనా చెప్పండి, చేపైనా తినండి" అంది మొగుడితో.

అథ్మానీ చేపకే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆవిడ అటు తిరగగానే మొత్తం కిబోకో ముందు పెట్టేవాడు. చపాతీ కూడా దానికి పెట్టడం మానేశాడు, తన ఆకలికే చాలక. చీకటి పడ్డాక, తనను ఎవరూ ఎరగని పేటకి పోయి హల్వా తినొచ్చేవాడు. ఆ విధంగా డాక్టరు చెప్పిన పథ్యం పిల్లికి తు.చ. తప్పకుండా జరగసాగింది. పెంచిన మందు మాత్రం పెంచినంతే పడుతోంది.

ఒకరోజు పొద్దున సూది వేసి షుఫా బజారుకి వెళ్ళింది. కాసేపటికి కిబోకో తూలుతూ నాలుగడుగులు వేసి కూలబడింది. షుగరు మరీ పడిపోతే చిగుళ్ళకి తేనె రాసి వెంటనే తీసుకురమ్మని డాక్టరు చెప్పి ఉన్నాడు. అథ్మానీ తేనె సీసా తీశాడు. ఖాళీ. దాన్ని ఖాళీ చేసింది తనే. తల వేలాడేసిన పిల్లిని చూసేసరికి అతనికి ఒళ్ళంతా చెమట పట్టింది. అదంటే తనకింత ప్రాణమని అప్పటిదాకా అతనికే తెలియదు.

వణుకుతూ వీధిలోకి పరిగెత్తాడు. "తేనె, ఎవరైనా తేనె ఇవ్వండి. షుగరు పడిపోయింది."

వీధి ఇలాంటి గడియ కోసం ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది. ఫుమో, ఇంకో ఇద్దరూ అతన్ని ఎత్తి అరుగు మీద పడుకోబెట్టారు. సలామా సీసాతో వచ్చి నోట్లో తేనె పోసింది.

"నాకు కాదమ్మా" అన్నాడు అథ్మానీ, మింగుతూనే.

"షుగరు పడిపోతే ఇట్టాగే మాటాడతారు. గట్టిగా పట్టుకోండి" అని సలామా ఇంకొంచెం పోసింది.

"పిల్లికి. నా పిల్లి చచ్చిపోతోంది, వదలండ్రా."

ఆ గొంతులో ఏడుపు విని చేతులు వదులయ్యాయి. అథ్మానీ సీసా లాక్కుని లోపలికి పరిగెత్తాడు. వెనకాలే వీధంతా. వేలితో చిగుళ్ళకి తేనె రాస్తూ, పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాడు. కాసేపటికి కిబోకో తలెత్తి, అతని గడ్డానికి అంటిన తేనె నాకింది. అతను అందరి ముందూ సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఎవరూ నవ్వలేదు. ఫుమో ఒక్కడే మెల్లగా అడిగాడు.

"మరి కళ్ళజోడెప్పుడు మామా?"

డాక్టరు పరీక్ష చేసి ఆశ్చర్యపోయాడు. ఇంత మంచి పథ్యం ఎవరు పెట్టారని అడిగాడు. మందు బాగా తగ్గించి, ఇలాగే సాగితే కొన్నాళ్ళకి సూది అక్కర్లేకపోవచ్చన్నాడు.

మర్నాడు పొద్దున్నే అథ్మానీ పరగడుపున, రాజులా అరుగెక్కి, తనకే రోగమూ లేదు కాబట్టి హల్వా పళ్ళెం ఇటు జరపమన్నాడు. సలామా కోడలు నర్సు. షుగరు చూసే మిషను పట్టుకుని అప్పుడే వచ్చింది. వీధి నోరు ఒక్కసారిగా మూయించాలని అథ్మానీ తనే వేలు చాచాడు. ఆ పిల్ల మిషను వంక చూసి, ఇంకో వేలు అడిగింది. మళ్ళీ చూసింది.

"బాబాయ్, హల్వా అట్టా ఉంచి, నాతో ఆస్పత్రికి రండి."

ఆ సాయంత్రం ఉడకబెట్టిన చేప పళ్ళెం మళ్ళీ వచ్చింది. అథ్మానీ దాన్ని తనవైపు లాక్కుని తినసాగాడు. కిబోకో ఎదురుగా కూర్చుని, తన పథ్యం ఎవరో కాజేస్తున్నట్టు చూసింది.