కంచం కొట్టే వంతు

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయకూడదని మన పెద్దలు చెప్పారు గాని, బ్రహ్మాస్త్రం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కమిటీ ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆ లోటును ఎడిన్‌బర్గ్‌లోని క్యాజిల్‌వ్యూ కోర్ట్ రెసిడెంట్స్ అసోసియేషన్ (అక్కణ్ణించి క్యాజిల్ కనబడదు) రెండువేల మూడు వేసవిలో తీర్చింది.

ఆ ఏడు స్కాట్లండ్‌కి ఎండ వచ్చింది. పొరపాటున వచ్చిందేమోనని అందరూ అనుమానిస్తుండగానే, రెండో అంతస్తులో ఉండే తెనాలి ఆడపడుచు పుష్పలీల వడియాలు పెట్టేద్దామని నిశ్చయించుకుంది. బూడిదగుమ్మడికాయ చైనా కొట్లో తప్ప దొరకదు. కింది ఫ్లాట్‌లో ఉండే ఫాంగ్ ఆంటీ బస్సులో పసిపిల్లని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని ఒకటి తెచ్చిపెట్టింది. పుష్పలీల దాన్ని ముక్కలు కోసి, ఉప్పేసి, రాత్రంతా గుడ్డలో మూటకట్టి, మినప్పిండి కలిపి, బాల్కనీలో పాత చీర మీద వరసలుగా పెట్టింది. ఈ దేశం వచ్చాక ఆవిడ పెట్టిన మొదటి వడియాలవి. కాఫీ కలుపుకొచ్చేలోగా సీగల్ అనే సముద్రపు పక్షి సకుటుంబంగా వచ్చి చీర తప్ప అన్నీ తినేసింది.

"దీని దుంప తెగ!" అంటూ పుష్పలీల అట్లకాడ పుచ్చుకుని ఉరికింది. పచ్చిమిరపకాయ తగిలినట్టుంది, సీగల్ రెయిలింగ్ మీద కూచుని తిరిగి ఆవిణ్ణే తిట్టింది.

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోకుండా అసోసియేషన్‌కి కంప్లైంట్ రాసింది. భర్త భానుప్రకాష్ (బ్యాంకులో సాఫ్ట్‌వేర్, స్వభావరీత్యా భయస్తుడు) వద్దంటూనే ఉన్నాడు.

"ఎందుకు లీలా, కొరివితో తల గోక్కోవడం?"

"మీకేం, తినేటప్పుడు మాత్రం నాలుగు ఎక్కువ వెయ్యమంటారు!"

అసోసియేషన్ ఛైర్మన్ డ్రమ్మండ్ గారు ఉద్యోగంలోంచి రిటైరై, శత్రువు కోసం ఎదురుచూస్తున్న మనిషి. వారం తిరక్కుండానే 'నాలుగు పీడల నిర్మూలన ఉద్యమం' ప్రకటించారు: సీగల్, పావురం, ఉడుత, నక్క. నాలుగే ఎందుకంటే నోటీసు బోర్డుకి నాలుగే గడులున్నాయి (ఉద్యమాల సిద్ధాంతాలు సాధారణంగా ఇలాగే పుడతాయి). ముందు సీగల్ పని పట్టాలి. ప్రతి శనివారం పొద్దున్నే ఫ్లాటుకో అరగంట చొప్పున బాల్కనీలో నిలబడి కంచం మోగించాలి, పిట్ట వాలకూడదు. ఎన్నిటిని తరిమారో రాసివ్వాలి. ఆ మేరకు రోటా (ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పట్టీ) అంటించారు.

రోటా చూసి ఫాంగ్ ఆంటీ మెట్ల మీద కూలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

"ఇది నేను చేసిందే," అంది. "యాభై ఎనిమిదిలో, చైనాలో, చెంగ్డూ పక్క పల్లెలో. అప్పుడు స్కూలు పిల్లని. మాకూ నాలుగు పీడలే: ఎలక, ఈగ, దోమ, పిచ్చుక. మాకూ ఛైర్మనే చెప్పాడు. మా ఛైర్మన్ పేరు మావో. ఊరంతా పళ్లాలు వాయించాం. వాలడానికి చోటు లేక పిచ్చుకలు ఎగిరెగిరి చచ్చి పడ్డాయి. నాకు ఎర్ర కాగితం పువ్వు ఇచ్చారు."

"మరి పంట మిగిలిందా ఆంటీ?" అంది పుష్పలీల.

"పిచ్చుకలు లేవుగా, పురుగులు తిన్నాయి. అయినా పక్క ఊరు రెట్టింపు పండిందని రాసింది. మా వాళ్లు నాలుగింతలు రాశారు. రాసినదాన్ని బట్టి సర్కారువాళ్లు ధాన్యం పట్టుకుపోయారు. మా తమ్ముడు ఆకలితో పోయాడు. ఐదేళ్లవాడు."

పుష్పలీల ఆవిడ పక్కనే మెట్టు మీద కూచుంది. "పిచ్చుకల్ని ఏం చేశారు?" అంది.

"క్షమించారు. వాటి చోట నల్లిని పెట్టారు. పీడలు మాత్రం నాలుగుండాలి."

ఆ రాత్రి పుష్పలీలకి ముద్ద దిగలేదు. శనివారం మాత్రం కంచం పట్టుకుంది. రెండో గుమ్మడికాయ వడియాలు అప్పటికే ఎండలో ఉన్నాయి మరి (ఎడిన్‌బర్గ్ ఎండకి వడియం ఆరడానికి నెల పడుతుంది).

ఆ పూట వచ్చినవి మూడే సీగల్స్. అవీ ఆ చప్పుడేమిటో చూసిపోదామని వచ్చాయి.

"ఎదురు ఫ్లాటువాళ్లు అరవై రాశారు," అన్నాడు భానుప్రకాష్. "మనం మూడు రాస్తే ఇండియన్స్ పరువేం కాను?" డెబ్భై వేశాడు. నెల తిరిగేసరికి ఆ భవనం తరిమిన సీగల్స్ స్కాట్లండ్ మొత్తంలో ఉన్నవాటి కన్నా ఎక్కువయ్యాయి. లక్ష్యం ముందే సాధించామని డ్రమ్మండ్ గారు ఆరుబయట టీ పార్టీ ఇచ్చారు. బిస్కట్లు సీగల్స్ ఎత్తుకుపోయాయి.

అంతలో నగర కౌన్సిల్ నుంచి కబురొచ్చింది, గూడు పెట్టుకున్న సీగల్ జోలికి వెళితే చట్టం ఊరుకోదని. అసోసియేషన్ అత్యవసరంగా సమావేశమై సీగల్ నిర్దోషి అని ఏకగ్రీవంగా తీర్మానించింది. దాంతో బోర్డు మీద ఒక గడి ఖాళీ అయింది.

"ఖాళీ గడి ఉద్యమానికి అవమానం," అన్నారు డ్రమ్మండ్ గారు. "అసలు సీగల్స్ ఇక్కడికి ఎందుకొస్తున్నట్టు?" జవాబు పుష్పలీల కంప్లైంట్‌లోనే ఉంది. ఆ గడిలో కొత్త పీడను అంటించారు: 'బాల్కనీలో తిండి ఎండబెట్టు వ్యక్తి'.

"వ్యక్తి అట, వ్యక్తి! పేరు రాయడానికి చేతులు రాలేదూ?" అని పుష్పలీల మండిపడింది. ఆనక ఏడ్చింది కూడా. భానుప్రకాష్ 'చెప్పానా' అనబోయి, ఆవిడ మొహం చూసి కాఫీ కలపడానికి వెళ్లాడు. ఇంట్లోకి తెచ్చిన వడియాలు సగం ఎండి సగం ఎండక బూజు పట్టాయి. ఫాంగ్ ఆంటీ వచ్చి, "నల్లి," అని భుజం తట్టి వెళ్లింది.

శనివారం మళ్లీ పుష్పలీల వంతు వచ్చింది. పీడ మారింది గాని రోటా మారలేదు, మార్చాలంటే సబ్‌కమిటీ వెయ్యాలి. వడియాల్లేని బాల్కనీలో నిలబడి ఆవిడ తన మీద తనే అరగంట కంచం మోగించింది.

భానుప్రకాష్ కాగితం పట్టుకొచ్చాడు. "ఈ వారం ఎంతమందిని తరిమామని వెయ్యను?"

"ఒకర్ని," అంది పుష్పలీల.

ఉద్యమం మొత్తంలో కమిటీకి అందిన నిజమైన లెక్క అదొక్కటే. మరీ తక్కువగా ఉందని తిప్పి పంపారు.