ఇన్‌చార్జి గాలి

ఖాళీల భర్తీ మీద నిషేధం ఇంకా ఎత్తివేయలేదు కాబట్టి ఈ వేసవిలో దిబ్బపాలెంలోకి సముద్రపు గాలి రావడం లేదు.

అంతకుముందు అది ఎవరి అనుమతీ లేకుండా వచ్చేది. పగటి ఎండకు నీటికన్నా నేల తొందరగా కాగుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి పోతుంది. అక్కడ ఏర్పడిన ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. భోజనాల వేళ దాటేసరికి ఊరు తేరుకునేది. ఒక్కోసారి సాయంత్రం నాలుగు చినుకులు కూడా పడేవి. కొత్తగా వచ్చిన అధికారి సదాశివం గారు ఈ సంగతి పిల్లల పాఠ్యపుస్తకంలో చదివి నిర్ఘాంతపోయారు. ఖాళీ ఏర్పడటం వరకు సరే, దాన్ని భర్తీ చేయమని ఎవరన్నారు అని ఆయన ప్రశ్న. ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు. తెలివైన మనిషే, కాదనలేం.

ఆ రోజు నుంచి గాలి ఒడ్డునే ఆగిపోయింది. అక్కడ తాడు కట్టి ఒక కానిస్టేబుల్ని కాపలా పెట్టారు. తాడుకు అవతల ఆరేసిన వలల అంచులు కదులుతూ కనిపిస్తాయి. ఇవతల తాటాకు కూడా కదలదు. రాత్రిపూట నేల మీంచి సముద్రం మీదికి వీచే గాలి మాత్రం యథాప్రకారం వెళ్లిపోతోంది. సముద్రం మీద ఏర్పడే ఖాళీలు ఈ కార్యాలయం పరిధిలోకి రావు.

రేకుల ఇంట్లో ఉండే ఎర్రమ్మకు నెలల పిల్ల ఉంది. పిల్ల ఒళ్లు కాలిపోతుంటే ఎత్తుకుని తాడు దగ్గరికి వెళ్లింది. నియామకం కాని గాలి సేవలు పొందడం నేరమని చెప్పి కానిస్టేబుల్ వెనక్కి పంపాడు. ఆమె అటునుంచి అటే ఆఫీసుకు వచ్చింది.

“గాలి అల్లదిగో, గట్టుకాడే నిలబడిపోనాది బాబూ. ఒక్కపాలి ఒగ్గేయండి. పిల్ల ఉడికిపోతంది.”

సదాశివం గారు ఆమెకు కుర్చీ చూపించారు. మర్యాద తెలిసినవారు.

“గాలి మీద మాకు కోపమేం లేదమ్మా. నిషేధం ఎత్తేస్తే మొదటి పోస్టు దానిదే. అందాకా ఇన్‌చార్జి ఇచ్చాం కదా.”

“ఎవులికి బాబూ?”

“పడమటి గాలికి. చాలా అనుభవం ఉన్న గాలి.”

ఆ వడగాడ్పు ముందురోజే బాధ్యతలు తీసుకుంది. అప్పటినుంచే పిల్ల పాలు తాగడం మానేసింది.

ఎర్రమ్మ ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ డాక్టరు పోస్టు ఖాళీ. పక్క మండలం డాక్టరుకు ఇన్‌చార్జి ఇచ్చారు, ఆయన గురువారాలు వస్తారు. గాలి ఆగకముందు నుంచీ అంతే కాబట్టి ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. ఆ రోజు సోమవారం. ఆయా జాలిపడి తడిగుడ్డ ఇచ్చింది.

పిల్ల బుధవారం పొద్దున పోయింది. ఆ తల్లి కడుపుకోత చూడలేక వాడంతా ఏడ్చింది.

పరామర్శకు సదాశివం గారు స్వయంగా వచ్చారు. చెమట తుడుచుకుంటూ, ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే చెప్పమన్నారు.

“ఎవుల్నేటంతాం బాబూ,” అంది ఎర్రమ్మ. “గురువారం డాట్రు మంచోడే. ఒచ్చుంటే సూసీవోడే.”