బచ్చప్ప మొహం మీద మామిడి రసం

పనిలో తప్పు జరగడమంత అదృష్టం ఇంకోటి లేదు! నమ్మకం లేకపోతే కేజీఎఫ్‌లో యానిమేషన్ స్టూడియో నడిపే విజయేంద్రను చూడండి.

శ్రీనివాసపురం మామిడి రైతుల సంఘం సభకు ఎల్‌ఈడీ తెర మీద వేసే వీడియో పని ఆయనకు దొరికింది. అధ్యక్షుడు ముత్యాలప్ప, ఉపాధ్యక్షుడు బచ్చప్ప పక్కపక్కన నవ్వుతున్న ఫోటో. దాని మీద మామిడి రసం చిందాలి.

పని చేసింది ఆ స్టూడియోలోని యానిమేటర్ చిత్ర. రసాన్ని నల్లటి గుడ్డ ముందు షూట్ చేశారు. బ్లెండింగ్ మోడ్ 'స్క్రీన్'లో పెడితే నలుపు మాయమై రసమే మిగులుతుంది. చిత్ర ఆ చిందులన్నిటినీ ఒక కాంపోజిషన్‌లో, అంటే ఒకే మూటలో సర్ది, దాన్ని ఫోటోలో బచ్చప్ప వైపు పెట్టి, లోపలి మోడ్ బయటి ఫోటో దాకా పనిచేసేలా ఒక స్విచ్ వేసి పెట్టింది.

విజయేంద్రకు చుక్కల్లా వెలిగే ఆ స్విచ్‌లంటే గిట్టదు. పొరలన్నీ వరుసగా కనిపించే టైమ్‌లైన్ అలికిన నేలలా ఉండాలంటాడు. ఎంత శుభ్రత!

"ఏమ్మా, యాడ చూసినా ఈ చుక్కలేంది?" అంటూ టకటకా ఆర్పేశాడు.

"సార్, అది తీసేస్తే లోపలి మోడ్ బయటికి రాదు. నలుపంతా ఫోటో మింద పడతాది."

"నువ్వు పుట్టకముందు నుంచి ఈ పనిలో ఉండాను. నాకు చెప్తావా?"

మళ్లీ ఒకసారి చూడకుండానే వీడియో పంపించేశాడు. చూసుకోవడం చిన్నవాళ్ల పని కదా!

సభలో తెర వెలిగింది. ముత్యాలప్ప నవ్వుతున్నాడు. పక్కన బచ్చప్ప మొహం ఉండాల్సిన చోట పెద్ద నల్లపలక, దాని మీద జలజలా రసం! "మా చిత్ర చేసిందన్నా" అంటూ విజయేంద్ర వేలు చూపించేశాడు. అందరూ తిరిగి చూస్తుంటే చిత్ర చెవులు కాలిపోయాయి.

ముత్యాలప్ప మాత్రం పొట్ట ఊగేలా నవ్వాడు. "ఎవురప్పా చేసింది? శానా బాగుండాది!"

చూపించిన వేలు చటుక్కున వెనక్కి తిరిగింది. "ఐడియా నాదేనన్నా."

ఆయనకు శాలువా, పూలహారం. చిత్రకు చిత్రాన్నం పొట్లం. ఇంతకన్నా న్యాయం ఏ రాజ్యంలో ఉంది చెప్పండి!

మరుసటి ఏడు బచ్చప్ప అధ్యక్షుడయ్యాడు. నేరుగా స్టూడియోకే వచ్చాడు.

"ఈసారి ఆ నలుపు ముత్యాలప్ప మింద పడాల. ఇంగ నువ్వు తప్ప ఎవురూ చేయలేరంట కదప్పా!"

విజయేంద్ర కనిపించిన స్విచ్చల్లా నొక్కాడు. ఒకసారి రసం మాయమైంది. ఒకసారి బచ్చప్పే మాయమయ్యాడు. నలుపు మాత్రం రాలేదు. చివరికి చిత్ర కుర్చీ దగ్గరికి వచ్చి, గొంతులో తేనె నింపుకొన్నాడు.

"చిత్రమ్మా, పోయినసారి నేను నొక్కింది యాడ ఉండాది?"

"నాకేం తెలుసు సార్? ఐడియా మీది కదా" అంది చిత్ర, తెర మీంచి చూపు తిప్పకుండా.